గోడకావల బిడ్డ

కొట్టు చేయి ఒకరిపైననే లేచినను, ఆ దెబ్బ ప్రక్కగదిలో మేలుకొనియున్న పసివారిని తప్పించుకొని పోదు. గృహహింస బాలమనస్సున చేయు పని యెట్టిది, దానిని చక్కబరచు దారి యేది అను విచారణ.

రాత్రి తొమ్మిది గంటల వేళ వీధి మలుపున మోటారుసైకిలు చప్పుడు వినవచ్చినంతనే ఎనిమిదేండ్ల బాలిక చేతిలోని పెన్సిలు ఆగును. బండికి స్టాండు వేసిన తీరును బట్టి, గేటు గడియ తీసిన విసురును బట్టి, చెప్పులు విడిచిన చప్పుడును బట్టి, తండ్రి త్రాగి వచ్చెనో, త్రాగకయే వచ్చెనో, త్రాగకున్నను లోలోన రగులుచున్నాడో ఆమె పోల్చుకొనగలదు. ఆయన గడప దాటులోపలనే తమ్ముని టీవీ ముందునుండి లేపి లోపలి గదికి పంపుటయు, నేలమీది పుస్తకములు సర్దుటయు, పొయ్యి దగ్గరనున్న తల్లికి కంటితో సైగ చేయుటయు జరిగిపోవును. లెక్కలలో వెనుకబడినదని బడిలో పేరుపడిన ఆ పిల్లయే ఇంటిలో ప్రతిరాత్రి ఇంతటి గణితమును అరనిమిషములో తేల్చుచున్నది. తరువాత అరుపులు, గిన్నె పడిన మ్రోత, తల్లి అణచుకొనిన ఏడ్పు. గోడకావల తమ్ముని చెవులు తన అరచేతులతో మూసి ఆమె మేలుకొనియుండును.

ఇట్టి యిల్లు ఏదో ఒక పేటలో, ఏదో ఒక కులములో, పేదరికములో మాత్రమే యుండునని తలచుట పొరబాటు. పెంకుటింటను, పదునాలుగవ అంతస్తు ఫ్లాటునను ఈ రాత్రి ఒకే తీరున గడచును. ఆ బాలికను ఎవరును కొట్టలేదు. "పిల్ల ఎంత బుద్ధిమంతురాలో, వయసుకు మించిన పెద్దరికం" అని బంధువులు మెచ్చుకొందురు. తల్లి సైతము, "దెబ్బలేవో నాకేగానీ, పిల్లల జోలికి మాత్రం ఎప్పుడూ రాడు" అని ఒకవిధమగు ఊరటతో చెప్పుకొనును. ఆ యూరట ఎంతవరకు నిజమో పరీక్షించుటయే ఈ వ్యాసమున మనము పూనుకొనిన పని.

కొట్టబడినవారు, చూచినవారు అను విభాగము పెద్దలు తమ సౌకర్యమునకై చేసికొనినది. పసివారి దేహము ఆ విభాగమును ఎన్నడును అంగీకరించియుండలేదు. ఈ సంగతిని చట్టరూపమున స్పష్టముగా ఒప్పుకొనిన దేశములలో ఇంగ్లండు ఒకటి. అచ్చట 2021లో వచ్చిన గృహహింస చట్టము, ఇంటిలో జరుగు హింసను చూచిన బిడ్డయు, వినిన బిడ్డయు, దాని ఫలితముల ననుభవించిన బిడ్డయు తమంత తాముగా బాధితులే యని, కేవలము సాక్షులు కారని, నిర్ణయించినది. మనస్తత్వ శాస్త్రమునకు ఈ మాట చెప్పగల ధైర్యము వచ్చుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

ఎముకలు పలికిన సాక్ష్యము

బిడ్డలపై జరుగు హింసను లోకము గుర్తించిన చరిత్ర చాల భాగము లోకము దానిని గుర్తింప నిరాకరించిన చరిత్రయే. 1860లో పారిసు నగరమున న్యాయవైద్య నిపుణుడగు ఆంబ్రువాజ్ తార్దియో, తల్లిదండ్రుల చేతను, యజమానుల చేతను, గురువుల చేతను చిత్రహింసలకు లోనైన పిల్లల దేహములను పరీక్షించి, గాయముల యాకృతి మొదలుకొని ఆ పిల్లల ముఖములందలి విషాదము వరకు వివరించి ప్రకటించెను. తోడి వైద్యులు దానిని పట్టించుకొనరైరి. 1946లో అమెరికాకు చెందిన ఎక్స్-రే నిపుణుడు జాన్ కాఫీ, తలలోపల రక్తము చేరిన ఆరుగురు శిశువుల చేతుల యెముకలును కాళ్ల యెముకలును విరిగియుండుట చూచి, ఇవి రోగము వలన వచ్చినవి కావు, దెబ్బల వలన వచ్చినవని అనుమానించెనే గాని, కొట్టినవారెవరో నిర్భయముగా వ్రాయలేకపోయెను. అట్లు వ్రాసినవాడు కొలరాడో రాష్ట్రపు డెన్వరు నగరమున శిశువైద్యుడగు హెన్రీ కెంపె. 1962లో ఆయనయు, సహచరులును ప్రకటించిన వ్యాసమునకై 71 ఆసుపత్రులనుండి సమాచారము రప్పింపగా, ఒక్క సంవత్సరములో 302 మంది పిల్లలు పెద్దల చేతి దెబ్బలతో చేరినట్లును, వారిలో 33 మంది మరణించినట్లును తేలెను. కొలది యేండ్లలోనే అమెరికాలోని రాష్ట్రములన్నియు, ఇట్టి గాయములు కంటబడినప్పుడు అధికారులకు తెలుపుట వైద్యుని విధియని చట్టములు చేసినవి.

విరిగిన యెముకకు ఛాయాచిత్రము తీయవచ్చును. మనస్సునకు తగిలిన దెబ్బకు అట్టి సాక్ష్యము లేదు గనుక, దానిని నమ్ముట మరింత ఆలస్యమైనది. 1896లో వియన్నా నగరమున సిగ్మండ్ ఫ్రాయిడ్, తన యొద్దకు వచ్చు రోగుల మనోవ్యాధులకు మూలము బాల్యమున వారిపై జరిగిన లైంగిక దౌర్జన్యమే యని వైద్యుల సభలో ప్రకటించి, మరుసటి యేడే మిత్రునకు వ్రాసిన లేఖలో ఆ సిద్ధాంతమునందు తనకు విశ్వాసము సడలినదని తెలిపెను. అటుపిమ్మట రోగులు చెప్పు కథలలో వాస్తవము కంటె ఊహకే పెద్దపీట దక్కెను. ఆయన శిష్యులలో అగ్రగణ్యుడైన హంగేరీ దేశీయుడు శాండర్ ఫెరెంచి, 1932లో జర్మనీలోని వీస్‌బాడెను సమావేశమున ఆ తోసివేసిన సత్యమును మరల ముందుకు తెచ్చెను. భయము పరాకాష్ఠకు చేరినప్పుడు బిడ్డ ఎదిరింపదు సరికదా, తన్ను బాధించువాని యిష్టమును ముందుగనే కనిపెట్టి, దానికి తన్ను తాను అప్పగించుకొనునని, బాధించినవానికి కలుగవలసిన అపరాధభావము బిడ్డ మనస్సులో వచ్చి చేరునని ఆయన వివరించెను. ఆ ఉపన్యాసము గురువునకు రుచింపలేదు. చాలకాలము దానిని చదివినవారే యరుదు. నేడు ఈ విషయమున పనిచేయు వైద్యులెవ్వరును దానిని దాటి పోజాలరు.

దేహము నేర్చు పాఠము

ప్రమాదము ఎదురైనప్పుడు మనుష్య దేహమున జరుగు ఏర్పాటు అద్భుతమైనది. మెదడులో అమిగ్డలా యను చిన్నభాగము, ఆలోచనకు అవకాశమీయకయే హెచ్చరిక చేయును. గుండె వేగము పెరుగును. రక్తము కండరములకు పరుగిడును. అడ్రినలిన్, కార్టిసాల్ అను స్రావములు ఒడలంతయు వ్యాపించును. ప్రమాదము తొలగిన పిదప ఇవన్నియు సద్దుమణగవలెను. కాని ప్రమాదమే ఇంటిలో కాపురముండి, ఎప్పుడు విరుచుకొనిపడునో తెలియనప్పుడు, సద్దుమణగుటకు సమయమెక్కడిది? అప్పుడప్పుడు మ్రోగవలసిన గంట ఆగక మ్రోగుట కలవాటుపడును. బిడ్డ ఎదుగుచున్న మెదడు ఆ మ్రోతకే అనుగుణముగా అమరును.

ఈ యమరిక ఎంత సూక్ష్మమైనదో 2002లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున సెత్ పోలక్ చేసిన పరీక్ష తెలుపును. మసకగా మొదలై క్రమక్రమముగా స్పష్టమగు ముఖచిత్రములను పిల్లలకు చూపగా, ఇంటిలో దెబ్బలు తినిన పిల్లలు కోపముఖమును తక్కిన పిల్లల కంటె చాల ముందుగా, చిత్రమింకను మసకగా నున్నప్పుడే, గుర్తించిరి. 2011లో లండనులో ఎమన్ మెక్‌రోరీ బృందము ఇట్టి పిల్లలకు కోపముఖములు చూపుచు మెదడును పరిశీలింపగా, అమిగ్డలాయు, దానితోపాటు ఇన్సులా యను భాగమును ఇతర పిల్లలలో కంటె హెచ్చుగా స్పందించినవి. యుద్ధభూమినుండి వచ్చిన సైనికులలో కనబడు స్పందన ఇట్టిదే. ఆ పిల్లలలో ఎవరికిని అప్పటికి మానసికవ్యాధి యున్నట్లు నిర్ధారణ కాలేదనుట గమనింపదగినది. పైకి బాగుగనే యున్న బిడ్డ లోపల కావలి కాయుచు నుండవచ్చును.

ఈ కావలికి బిడ్డ చెల్లించు మూల్యము బడిలో బయటపడును. వెనుక బెంచీలో పుస్తకము జారిపడినను ఉలికిపడు పిల్లవాడు నల్లబల్లపై అక్షరములను ఎట్లు చూడగలడు? మాష్టారు గొంతు కొంచెము హెచ్చించినంతనే బిక్కచచ్చి, వచ్చిన జవాబును మరచిపోవును. మరియొకడు తోటివాని చేయి పొరబాటున తగిలినను తిరుగబడి కొట్టును. మరియొక బాలిక కిటికీలోనుండి చూచుచు, పిలిచినను పలుకక, తానక్కడ లేనట్లు కూర్చుండును. దేహము పారిపోలేనిచోట మనస్సు పారిపోవు విద్య అది. మొదటివానికి మందబుద్ధియని, రెండవవానికి రౌడీయని, మూడవదానికి పరధ్యానమని పేర్లు పెట్టి మనము ఊరకుందుము. ఆరేడేండ్ల వయస్సున మరల పక్క తడుపుట, ప్రతి సోమవారము కడుపునొప్పి, రాత్రి కేకలు, గోళ్లు కొరుకుట మొదలైనప్పుడు, "పిల్లవాడు దేనికో జడుసుకున్నాడు" అని పెద్దవారు తాయెత్తు కట్టింతురు. జడుసుకొనిన మాట నిజమే. దేనిని చూచి జడుసుకొనెనో అడుగుటకు మాత్రము ఇంటిలో ఎవరికిని నోరు రాదు.

పసితనమున ఈ కష్టము మరింత లోతైనది. భయము కలిగినప్పుడు తల్లిదండ్రుల యొద్దకు పరుగిడుట బిడ్డకు సహజస్వభావము. ఆ భయమునకు కారణమే తండ్రి యైనప్పుడు, లేక భయముతో తానే వణకుచున్న తల్లి తప్ప మరొక శరణము లేనప్పుడు, బిడ్డ ఎటు పోవలెను? బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన మేరీ మెయిన్ ఇట్టి శిశువులను గమనించి, వారు తల్లి వైపు ప్రాకుచునే ముఖము ప్రక్కకు త్రిప్పుకొందురని, నడుమ దారిలో బొమ్మవలె నిలిచిపోదురని వర్ణించినది. దగ్గరకు పోవలెనను కోరికయు, దూరముగా పారిపోవలెనను భయమును ఒకే మనుష్యుని చుట్టు పెనవైచికొనిన ఈ చిక్కుముడి, పెద్దయైన పిదప స్నేహములలోను, దాంపత్యములోను మరల మరల తలయెత్తుచుండును.

"నా వల్లనే" అను నమ్మకము

హింస జరుగు ఇండ్లలోని పిల్లలతో మెల్లగా మాటలు కలిపినవారికి తరచుగా వినబడు మాట ఒకటి కలదు: "నేను అల్లరి చేయకుండా ఉంటే నాన్న కొట్టేవాడు కాదు." ప్రోగ్రెస్ కార్డులో మార్కులు తగ్గిన రోజుననే తల్లికి దెబ్బలు పడినవి గావున, ఆ మార్కులే కారణమని బిడ్డ తీర్మానించుకొనును. స్కాట్లండు దేశీయుడగు మనోవిశ్లేషకుడు ఫెయిర్‌బెర్న్ 1943లో ఈ విచిత్రమును విప్పి చెప్పెను. తన ప్రాణమునకు ఆధారమైన తల్లిదండ్రులే చెడ్డవారని యొప్పుకొన్నచో బిడ్డకు ఇక దిక్కులేదు. చెడుగు తనలోనే యున్నదని నమ్మినచో, తాను మంచిగా మారిన నాడు అంతయు చక్కబడునను ఆశయైనను మిగులును. అపరాధమును నెత్తిన వేసికొనుట ఆ పసిమనస్సు తన ఆశను కాపాడుకొనుటకు చెల్లించు సుంకము. ఈ సుంకము పెద్దతనమున కూడ ఆగదు. ఎవరేమి యన్నను తప్పు తనదే యని తలవంచు స్వభావముగను, ఏ చిన్న పొగడ్తను గాని నమ్మలేని సంకోచముగను అది కొనసాగును.

ఒకే యింటిలోని పిల్లలు ఈ భారమును ఒకే తీరున మోయరు. పెద్దకూతురు తల్లికి తల్లియై, తమ్ములకు అన్నము పెట్టి, గొడవల నడుమ రాయబారము నడపును. ఆమెకు బాల్యమే లేదని ఎవరును గమనింపరు. ఒకడు ఇంటి దృష్టిని తనవైపు మరల్చుటకో యనునట్లు నానా యాగీ చేయును. మరియొకడు ఉన్నాడో లేడో తెలియనంత నిశ్శబ్దముగా పెరుగును. పదునాలుగేండ్లు వచ్చిన కొడుకు ఒకనాడు తండ్రి చేయి పట్టుకొని ఆపును; ఆ నాటినుండి ఇంటిలో ఇద్దరు శత్రువులు.

వీరెవ్వరును తండ్రిని కేవలము ద్వేషింతురనుకొనరాదు. రాత్రి విరుచుకొనిపడిన తండ్రియే మరునాడు ఉదయము వేడివేడి పూరీల పొట్లముతో వచ్చి, కూతురును ఒడిలో కూర్చుండబెట్టుకొని తినిపించును. తల్లి వాచిన కన్నుతో పళ్లెములు పెట్టుచు నవ్వును. పెరుగుచున్న యుద్రిక్తత, విస్ఫోటము, పశ్చాత్తాపముతో కూడిన మాధుర్యము అను ఈ మూడు దశల చక్రమును 1979లో లెనోర్ వాకర్ అను మనస్తత్వవేత్త వర్ణించినది. అన్ని యిండ్లలోను మూడవ దశ యుండదని పిమ్మటి పరిశీలకులు చెప్పిరి గాని, ఉన్న యింటిలో అది బిడ్డను హింస కంటెను ఎక్కువగా కలవరపెట్టును. "రాత్రి ఏమైందమ్మా?" అని అడిగిన పిల్లకు "ఏమీ కాలేదు, తిను" అను సమాధానము వచ్చును. తాను కన్నులార చూచినది, చెవులార వినినది జరుగలేదని పెద్దలందరు కలసి చెప్పినప్పుడు, బిడ్డ ఇక తన కన్నులను, చెవులను నమ్ముట మానివేయును. ఇంటి గుట్టు రట్టు కారాదను కట్టడి దీనికి తోడైనచో, ఆ మాట చెప్పుకొనుటకు బయటి లోకమున కూడ చోటుండదు.

తల్లి మనస్సు

బిడ్డను గూర్చి చెప్పి తల్లిని విడుచుటకు వీలులేదు. ఏలయన తల్లి మనస్సే బిడ్డ నివసించు ఇల్లు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత (2019–21) ప్రకారము, పెండ్లియైన 18–49 ఏండ్ల స్త్రీలలో భర్త చేతి హింసను చవిచూచినవారు దేశమున నూటికి 29 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది, తెలంగాణలో దాదాపు 37 మంది. హింసకు గురియైనవారిలో ఎవరినైనను సాయమడిగినవారు దేశమున నూటికి 14 మంది మాత్రమే. ఇంతకంటె చింతింపవలసిన లెక్క మరియొకటి: అత్తమామలను గౌరవింపకపోవుట, ఇంటిని పట్టించుకొనకపోవుట, చెప్పకుండ బయటికి పోవుట వంటి ఏదో ఒక కారణమునకు భర్త భార్యను కొట్టుట న్యాయమేయని చెప్పిన స్త్రీలు మన రెండు రాష్ట్రములలోను నూటికి 84 మందికి దగ్గరగా నున్నారు. ఈ యభిప్రాయము వారికి పుట్టుకతో వచ్చినది కాదు. గోడకావల మేలుకొనియున్న బాలికలే వీరిలో ఎందరో.

"అంత కష్టంగా ఉంటే వెళ్ళిపోవచ్చుగా" అనుట సులభము. హార్వర్డు వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో వ్రాసిన గ్రంథమున, యుద్ధఖైదీలకును, ఇంటిలో బందీయైన స్త్రీకిని కలుగు మానసిక పరిణామములు ఒకే జాతివని వాదించినది. భయమును తడవ తడవకు కలిగించుట, నిద్ర చెరచుట, బంధుమిత్రులనుండి దూరము చేయుట, చేతిలో పైసా లేకుండ చూచుట, నడుమ నడుమ చిన్న కనికరము చూపుట అను పద్ధతులచేత మనుష్యుని సంకల్పము క్రమముగా అణగారిపోవును. ఒక్క ఘోరసంఘటన వలన కలుగు వ్యాధికిని, ఏండ్లతరబడి తప్పించుకొనలేని హింస వలన కలుగు వ్యాధికిని భేదమున్నదన్న ఆమె వాదము ఎట్టకేలకు ఫలించి, 2022లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగపట్టిక రెండవదానిని వేరుగా గుర్తించినది. పీడకలలు, ఉలికిపాటులతో పాటు, ఉద్వేగములపై అదుపు తప్పుట, తాను దేనికిని పనికిరానను స్థిరాభిప్రాయము, ఎవరితోను దగ్గర కాలేకపోవుట దాని లక్షణములు.

ఇట్టి స్థితిలోనున్న తల్లి బిడ్డ యేడ్పును వినియు విననట్లుండవచ్చును. అర్ధరాత్రి భర్తచేత దెబ్బ తినిన చేతితోనే ఉదయము బిడ్డను కొట్టవచ్చును. ఆమెను తప్పుపట్టుటకు ముందు, ఆమెకు కంటినిండ నిద్ర, చేతిలో కొంత డబ్బు, వెనుక ఒక మనిషి యున్నచో ఎట్లుండెడిదో ఆలోచింపవలెను. బిడ్డకు చేయదగిన చికిత్సలలో మొదటిది తల్లికి రక్షణ కల్పించుట యని వైద్యులు చెప్పుటలో భావమిదియే.

ఏండ్లు గడచిన పిమ్మట

బాల్యపు గాయము కాలముతోపాటు మానునని మనకొక నమ్మకము. 1985లో కాలిఫోర్నియాలోని శాండియాగో నగరమున స్థూలకాయ చికిత్సాలయమును నడుపుచున్న డాక్టరు విన్సెంట్ ఫెలిట్టీకి ఒక వింత కనబడెను. బరువు చక్కగా తగ్గుచున్నవారే నడుమ చికిత్స మాని వెడలిపోవుచుండిరి. వారిని విచారింపగా, వారిలో పెక్కుమంది బాల్యమున లైంగిక దౌర్జన్యమునకు గురియైనవారని తేలెను. ఆ స్థూలకాయము వారికి కవచము. అటుపిమ్మట ఆయన రాబర్ట్ ఆండాతో కలసి 17,000 మందికి పైగా పెద్దవారి బాల్యానుభవములను ప్రశ్నావళులతో సేకరించెను. దెబ్బలు, దూషణ, లైంగిక దౌర్జన్యము, ఇంటిలో త్రాగుబోతు లేక మనోరోగి యుండుట మున్నగువానితో పాటు, తల్లి కొట్టబడుట చూచుట కూడ ఆ ప్రశ్నలలో ఒకటి. 1998లో ప్రకటించిన తొలి విడత ఫలితములందు, నాలుగు లేక అంతకుమించిన అనుభవములు కలవారిలో మద్యవ్యసనము, మాదకద్రవ్యములు, క్రుంగుబాటు, ఆత్మహత్యాయత్నము అనువాని ప్రమాదము, అట్టి యనుభవము లేనివారికంటె నాలుగు నుండి పండ్రెండు రెట్లు హెచ్చుగా కనబడెను. గుండెజబ్బు, ఊపిరితిత్తుల వ్యాధి, కాలేయవ్యాధి సైతము ఆ లెక్కతోపాటు పెరిగెను.

మన దేశమున 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించి ప్రకటించిన నివేదిక, ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తినుచున్నారని, సగమునకు పైగా పిల్లలు ఏదో ఒక రూపమున లైంగిక దౌర్జన్యమును ఎదుర్కొనిరని తెలిపెను. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. లైంగిక దౌర్జన్యము హెచ్చుగా నమోదైన వానిలో కూడ ఒకటి. మొక్కై వంగనిది మానై వంగునా యని బెత్తమును సమర్థించు మనము, అట్లు వంచబడిన మొక్కలు ఎటు పెరిగినవో వెదకి చూచినవారము కాము.

తలవ్రాత కాదు

ఇంతవరకు చదివినవారికి ఒక నిరాశ కలుగవచ్చును. బాల్యమున ఇట్టి దుఃఖము ననుభవించిన పాఠకులకు మరింత భయము కలుగవచ్చును. కావున ఈ భాగమును గట్టిగా చెప్పవలసియున్నది. దెబ్బలు తినిన బిడ్డ పెద్దవాడై తానును కొట్టునను మాట శాస్త్రమున సగము సత్యము. 1987లో కాఫ్‌మన్, జిగ్లర్ అను అమెరికా పండితులు అప్పటివరకు జరిగిన పరిశీలనలను త్రవ్వి చూచి, అట్లు తమ బిడ్డలను హింసించువారు నూటికి సుమారు 30 మందియే యని అంచనా కట్టిరి. ముప్పది చిన్న లెక్క కాదు. కాని మిగిలిన డెబ్బదిమంది ఆ గొలుసును తమ చేతులతో త్రెంచినవారే గదా! వారిని గూర్చి మనము కథలు చెప్పుకొనము.

హవాయి దీవులలోని కవాయి ద్వీపమున 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమీ వెర్నర్ అను మనస్తత్వవేత్త దశాబ్దముల తరబడి అనుసరించి చూచినది. పేదరికము, కలహములు, తల్లిదండ్రుల వ్యసనములు, మనోవ్యాధులు నిండిన ఇండ్లలో పెరిగినవారిలో సైతము మూడింట ఒక వంతుమంది సమర్థులై, ప్రేమింపగల వ్యక్తులై ఎదిగిరి. వారిని కాపాడిన అంశములలో ముఖ్యమైనది, మారక నిలిచిన ఒక పెద్దమనిషి. అది అమ్మమ్మ కావచ్చును, పినతల్లి కావచ్చును, బడిపంతులు కావచ్చును, ప్రక్కింటి యావిడ కావచ్చును. ఆ మనిషి బిడ్డకు చేసిన మహోపకారమేమియు లేదు. వచ్చినప్పుడు విసుగుకొనక, చెప్పినది నమ్మి, రేపును ఇక్కడనే యుందునను భరోసా కలిగించుటయే.

చికిత్సలును కలవు. భయము మూలముగా కలిగిన తలపులను, స్మృతులను బిడ్డ ఓర్వగలిగిన మోతాదులలో మాటలలోనికి తెచ్చి, తప్పు తనది కాదని తెలిసికొనునట్లు చేయు పద్ధతి ఒకటి. చిన్నపిల్లల విషయమున తల్లిని, బిడ్డను కలిపి కూర్చుండబెట్టి, ఆటల ద్వారా, ఇంటిలో జరిగినదానిని ఇద్దరును ఒకరితో నొకరు చెప్పుకొనునట్లు చేయు పద్ధతి మరియొకటి. రెండవదానిని శాన్‌ఫ్రాన్సిస్కోలో అలీసియా లీబర్మన్, పట్రీషియా వాన్ హార్న్ రూపొందించిరి. ఏ పద్ధతియైనను హింస కొనసాగుచున్న యింటిలో పూర్తిగా పనిచేయదు. ముందు భద్రత, పిదప స్మరణము, శోకము, చివరకు మరల లోకముతో కలయిక. హెర్మన్ చెప్పిన ఈ వరుసను తలక్రిందులు చేసి, కొట్టు చేయి ఆగకముందే బిడ్డకు మనోధైర్యము బోధించుట వ్యర్థము.

చట్టము చేతిలో నున్నది

భద్రతకు కావలసిన ఉపకరణములు మనకు లేకపోలేదు. 2005లో చేయబడి, 2006 అక్టోబరు 26నుండి అమలులోనికి వచ్చిన గృహహింస నుండి స్త్రీల రక్షణ చట్టము, దెబ్బలనే గాక దూషణను, అవమానమును, డబ్బు చేతికీయకపోవుటను కూడ హింసగా పరిగణించును. భార్యను ఉన్న యింటనుండి వెడలగొట్టరాదని, పిల్లలను తాత్కాలికముగా తల్లికి అప్పగింపవలెనని, కొట్టినవాడు బిడ్డ చదువు బడి దరిదాపులకు రాగూడదని మేజిస్ట్రేటు ఉత్తర్వు చేయవచ్చును. ఆ రక్షణ ఉత్తర్వును మీరినవానికి ఏడాది వరకు జైలు. దీనిలో నాలుగవ సెక్షను ఇరుగుపొరుగువారు కంఠస్థము చేయదగినది: ఒక యింట హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును, సద్భావముతో తెలిపినవారిపై కేసు ఉండదు. "వాళ్ళ ఇంటి గొడవ మనకెందుకు" అను మాటకు ఇక చట్టమున చాటు లేదు.

లైంగిక దౌర్జన్యము సంగతి తెలిసినప్పుడు, 2012 పోక్సో చట్టము ప్రకారము, పోలీసులకు తెలుపుట తెలిసిన ప్రతివారికిని విధి. బిడ్డ వాంగ్మూలమును ఇంటివద్దనో, బిడ్డ కోరినచోటనో, యూనిఫారము లేకుండ తీసికొనవలెను. 2009 విద్యాహక్కు చట్టము బడిలో బెత్తమును, మానసిక వేధింపును రెంటిని నిషేధించినది. 1996లో ముంబయిలో ఆరంభమైన పిల్లల సహాయ సంఖ్య 1098, స్త్రీలకు 181, మానసిక సహాయమునకు 2022లో ప్రారంభమైన టెలీ మానస్ 14416. వైద్యము, పోలీసు సాయము, న్యాయసలహా, తాత్కాలిక వసతి ఒకేచోట లభించుటకు జిల్లాలలో సఖి కేంద్రములున్నవి.

ఏ బిడ్డయైనను మీ యొద్దకు వచ్చి సగము మాట చెప్పి ఆగినచో, ఆ సగమును గౌరవింపుడు. పోలీసువలె ప్రశ్నింపవద్దు, "నిజమేనా?" అని అడుగవద్దు, "ఎవరికీ చెప్పనులే" అని ఒట్టు పెట్టవద్దు, ఏలయన చెప్పవలసియే యుండవచ్చును. "నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పేమీ లేదు. ఏం చేయాలో పెద్దవాళ్ళం చూస్తాం" అను మూడు మాటలు చాలును. బిడ్డ యెదుట తండ్రిని తిట్టవద్దు. ఆ తండ్రిని బిడ్డ ప్రేమించుచునే యుండవచ్చును.

మన ఊళ్లలో భార్యాభర్తల తగవు పెద్దమనుషుల ముందుకు వచ్చినప్పుడు, కట్నకానుకల లెక్కలు, ఎవరెవరిని ఏమన్నారను వాదములు ముగిసిన పిమ్మట, తీర్పు చివర సాధారణముగా వినబడు వాక్యము, "పిల్లల మొహం చూసైనా సర్దుకుపో అమ్మా" యనునది. తగవు తీర్చువారు ఆ వాక్యమునకు పోకముందు, పిల్లలను గూర్చి కొన్ని ప్రశ్నలను విచారణకు మొదటనే పెట్టవలెను: వారు రాత్రులు నిద్రపోవుచున్నారా? బడిలో ఎట్లున్నారు? తండ్రి వచ్చు వేళకు ఏమి చేయుదురు? వారితో ఎవరైనను ఒంటరిగా, నెమ్మదిగా మాటలాడిరా? ఈ ప్రశ్నలకు జవాబు తెలియకుండ కాపురము నిలిపితిమని చెప్పుకొనుట, పిల్లల మీద వారి అనుమతి లేకుండ చేసిన అప్పు; దానిని తీర్చవలసినది వారే, వారి తరువాత పుట్టువారే.